నాలుగో ఇంటి చిరునామా

మూడో రహస్య గృహం కిటికీలోంచి దూసుకొచ్చిన తూటా మాస్టారి చేతిలోని పుస్తకాన్ని చీల్చేసింది. విదేశీ ముఠా కోడ్ విప్పగల ఒకే ఒక్క మనిషి ఆయన. వెంట్రుకవాసిలో బతికాడు.

"మూడిళ్ళూ వాళ్ళకెలా తెలిశాయి?" అన్నాడు చీఫ్.

"సంపంగి అమ్మేసింది సార్," అన్నాడు ఏజెంట్ గద్ద తడుముకోకుండా. సంపంగి ఇటు గూఢచారి శాఖకూ అటు ముఠాకూ పనిచేసే అందగత్తె. "నా వైపు నుంచి పొక్కే ప్రశ్నే లేదు."

"మాస్టార్ని నాలుగో ఇంటికి మార్చు. ఆమెను పట్టుకురా."

గద్ద మాస్టార్ని మార్చి, ఎప్పటిలాగే శాఖకు కబురు పంపాడు. పైకి అది వాతావరణ కేంద్రాన్ని ఉష్ణోగ్రత అడిగే మామూలు వెబ్ సర్వీస్ మెసేజ్. ఊరి పేరు ఉండాల్సిన చోట శాఖకు మాత్రమే అర్థమయ్యే కోడ్ మాట ఉంటుంది. ప్రోగ్రాంలో వివరాలు నింపితే చాలు, ఒక్కో వివరాన్నీ రెండు ట్యాగుల మధ్య పెట్టే ఎక్స్‌ఎంఎల్ పాఠం మొత్తం టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేరే తయారుచేసి పంపేస్తుంది. దాన్ని ఒక్కసారీ తెరిచి చూడలేదని గద్ద జూనియర్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

గద్ద ఏసీ మెకానిక్ వేషంలో సంపంగి ఉన్న హోటల్ గదిలోకి దూరి, స్క్రూడ్రైవర్‌లో దాచిన పిస్టల్ గురిపెట్టాడు. ఆమె అద్దం ముందు నుంచి కదలకుండా ఒక కాగితం అందించింది.

"ఇందాక ముఠాకి అందింది. చదవండి ఏజెంటుగారూ."

అతని మెసేజే. కోడ్ మాట కింద, రెండు ట్యాగుల మధ్య, నాలుగో ఇంటి చిరునామా తలుపు నంబరుతో సహా ఉంది.

తనకు గుర్తుండాలని గద్ద ప్రోగ్రాంలో చిరునామా రాసుకోడానికొక గడి, అంటే ఫీల్డ్, కలుపుకున్నాడు. టూల్‌కిట్ ఉన్న ఫీల్డులన్నీ నమ్మకంగా మెసేజ్‌లోకి ఎక్కించింది. గద్దకు తల కొట్టేసినట్టయింది. పది రోజులుగా ఈమెను ద్రోహి అని శాఖంతా చాటాడు.

"ముఠా కారు బయల్దేరింది," అందామె. "వాతావరణ కేంద్రంలో వాళ్ళ మనిషున్నాడు. చివరగా ఏ అడ్రస్ వస్తే అక్కడికే పంపిస్తాడు."

మాస్టారికి ఫోన్ చేద్దామంటే, ఆ ఇంట్లో ఫోన్ వద్దన్నది గద్దే. శాఖ మనుషుల్ని పంపినా కారే ముందు చేరుతుంది. ఆమె లాప్‌టాప్‌లో టూల్‌కిట్ లేదు. జీవితంలో మొదటిసారి ఎక్స్‌ఎంఎల్ తనే టైపు చేశాడు, సాయుధ పోలీసుల బ్యారక్ చిరునామాతో. సర్వర్ తిప్పికొట్టింది.

"చివరి ట్యాగు మూయలేదు," అంది సంపంగి మెల్లగా. చెవులు కందిపోగా దిద్ది పంపాడు.

ఆమె చెవిపోగులోని రిసీవర్‌లో ముఠా మాటలు వింటోంది. "వీధి మలుపు తిరిగారు... ఇంటిముందు ఆగారు... దిగుతున్నారు..." ఊపిరి పీల్చుకుంది. "మళ్ళీ ఎక్కారు. వెనక్కి తిప్పారు."

కాసేపటికి బ్యారక్ గేటు దగ్గర కారులోని నలుగురూ పోలీసులకు దొరికారు.

"మీ ముఖం చూడ్డానికే సిగ్గుగా ఉందండీ," అన్నాడు గద్ద తలెత్తకుండా.

"నన్ను చూడకపోతే ఫరవాలేదు. పంపేముందు మెసేజ్ చూడండి."

ఫోన్‌లో చీఫ్ అడిగాడు: "ద్రోహి దొరికిందా?"

"దొరికాడు సార్. మీతోనే మాట్లాడుతున్నాడు."



"బేడీలు వద్దులే," అన్నాడు చీఫ్. "వాడికో కళ్ళజోడు కొనిపెట్టు."