మింగని గుటక

విశాఖ బీచి రోడ్డులో సాయంత్రం నడకకి వచ్చేవాళ్ళు కాఫీ సీసా మీద రాసింది చదవడం మానేసి చాలా కాలమైంది. ప్రతి అంగడి గోడకీ వరసగా బొత్తాలుంటాయి. బొత్తం నొక్కితే గోరంత బిళ్ళ ఒకటి అరచేతిలో పడుతుంది. దాన్ని నాలుక మీద పెట్టుకుంటే చాలు, సీసా మూత తియ్యకుండానే లోపలి కాఫీ రుచి నోరంతా పరుచుకుంటుంది. ఒకదాంట్లో కాలిన బెల్లం వాసన, ఇంకోదాంట్లో నారింజ తొక్క పులుపు, మరోదాంట్లో ఏ వాసనా లేకుండా ఖరీదు మాత్రమే. భార్యాభర్తలు అక్కడే నిలబడి ఏది మంచిదో తేలక పోట్లాడుకుని, చివరికి ఏ సీసా కొనకుండా ఇంకో నాలుగు బిళ్ళలు చప్పరించి ఇంటికి పోతారు.

ఇది రెండువేల డెబ్బై ఎనిమిది. ఎండలు ముదిరాక వేడి కప్పు ముట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. కాఫీపొడిని చన్నీళ్ళలో పూటంతా నానబెట్టి, వడకట్టి, సీసాలకెత్తి అమ్మడం పెరిగిపోయింది. పూర్వం దాన్ని కోల్డ్ బ్రూ అనేవారు. మనవాళ్ళు నానుకాఫీ అని పేరు పెట్టి సొంతం చేసుకున్నారు. అరకు కొండల మీద గాజుగదుల్లో పండిన గింజతో ఎన్ని రకాల నానుకాఫీలు వచ్చాయో చెప్పలేం. ప్రతిదీ నేనే గొప్ప అంటుంది. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి నిజం తేల్చే మార్గం ఒకటి కావాల్సి వచ్చింది.

ఆ మార్గం పేరు రుచిముద్ర. కనిపెట్టింది డాక్టర్ వకుళ.

రుచి అంతా నాలుక మీదే ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి నాలుక చెప్పేది నాలుగైదు ముక్కలే. మిగతా కథంతా ముక్కు అల్లుతుంది. దవడా, అంగిలీ, గొంతూ తలా ఒక మాట కలుపుతాయి. అప్పుడు మెదడు అన్నీ విని, "ఇది కాఫీ" అంటుంది. వకుళ నాలుకకి తొడిగే పలచటి సెన్సర్ పొర ఒకటి తయారుచేసింది. కాఫీ నోట్లోకి వచ్చిన క్షణం నుంచి ఆ రుచి పూర్తిగా మాసేదాకా నరాల మీద నడిచే సంకేతాలన్నిటినీ అది నమోదు చేస్తుంది. ఆ నమోదును బిళ్ళలోకి ఎక్కించి మరొకరి నాలుక మీద పెడితే, మొదటి మనిషి చూసిన రుచినే రెండో మనిషీ చూస్తాడు. అది కూడా మొదటి మనిషి నాలుకతోనే. ఒకరికి చేదైంది ఇంకొకరికి కమ్మగా ఉండే తగాదా అక్కడితో తీరిపోయింది. ఊరందరూ ఒకే నాలుకతో సీసాల్ని పోల్చుకోవచ్చు.

ఆ ఒకే నాలుక పైడిరాజుది. అతను వకుళ భర్త.

పైడిరాజు విజయనగరం మనిషి. రుచి చూడటమే అతని ఉద్యోగం. వకుళ ల్యాబులో అతన్ని ప్రమాణ నాలుక అని గౌరవంగా పిలిచేవారు, అతను మాత్రం ఎవరినీ గౌరవించేవాడు కాదు. "ఏటే ఇది, కాఫీయేనా? గోనెసంచి నానబెట్టినట్టుంది!" అని ఎంత పెద్ద కంపెనీ సీసానైనా పక్కకి నెట్టేసేవాడు. ఆరేళ్ళ కిందట, భోజనం చేసి లేస్తూ, గుండె ఆగి పోయాడు. మనిషి పోయాడు గానీ అతని రుచిముద్రలు వేలకి వేలు ల్యాబులో ఉండిపోయాయి. కొత్త సీసాలకి బిళ్ళలు ఇప్పటికీ వాటి కొలతతోనే వస్తున్నాయి.

అందుకే వకుళకి ఏ భార్యకీ లేని ఊరట ఒకటి ఉండేది. రోజూ పొద్దున్న పని మొదలుపెట్టే ముందు, తలుపు వేసుకుని, భర్త ముద్ర ఒకటి నాలుక మీద పెట్టుకునేది. అప్పుడు ఆ నోరు అతనిది. కాఫీని ఎడమ బుగ్గలోకి తోసి కాసేపు అక్కడే ఉంచడం అతని అలవాటు. తీర్పు చెప్పే ముందు నాలుకని అంగిలికి ఒకసారి కొట్టేవాడు. అదంతా ఆమె నోట్లో జరిగేది. కళ్ళు మూసుకుంటే అతను పక్కన ఉన్నట్టు కూడా కాదు, ఇంకా దగ్గరగా ఉండేవాడు.

తరవాత ఉమ్మేసేవాడు.

రుచి చూసేవాళ్ళ పద్ధతే అంత. చెంచాడు కాఫీని చప్పుడయ్యేలా జుర్రి, నోరంతా తిప్పి, స్టీలు గిన్నెలో ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలిస్తారు. పూటకి అన్ని సీసాలు మింగితే ఎవడి ఒళ్ళూ తట్టుకోదు. కాబట్టి పైడిరాజు ముద్రలన్నీ ఒకేలా ముగిసేవి. రుచి పండి గొంతులోకి దిగబోయే సమయానికి తటాలున నోరు ఖాళీ. ఆపైన చన్నీళ్ళు. గుమ్మం దాకా వచ్చిన మనిషి తలుపు తట్టకుండా వెనక్కి తిరిగినట్టుండేది ఆమెకి. ఒక్కటి, ఒకే ఒక్క గుటక అతను మింగింది దొరికితే చాలని ఆరేళ్ళుగా కొట్టుకుపోతోంది.

"తూనికా, ఆయన మింగిన ముద్ర ఏదైనా ఉందా?" అని అడిగింది ఆ సోమవారం కూడా. తూనిక ల్యాబులో సీసాల్ని పోల్చే యంత్రం.

"పోలికల భండారంలో లేదు, వకుళగారూ. నిన్న కూడా చెప్పాను."

"రేపు కూడా అడుగుతాను. విసుక్కోకు."

"నాకు విసుగు అమర్చలేదు కదండీ," అంది తూనిక.

అప్పుడే అమ్మకాల అధికారిణి నసీమా తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో సగం తాగిన సీసా ఉంది.

"మేడమ్, కొంప మునుగుతోంది. బిళ్ళలు ఎగబడి కొంటున్నారు గానీ సీసాలు కదలట్లేదు. ఎవరైనా కొని తాగినా, బిళ్ళలో ఉన్నంత బాగులేదని మొహమ్మీదే అంటున్నారు. మళ్ళీ బిళ్ళల దగ్గిరకే వస్తన్నారు. ముద్ర తప్పా, కాఫీ తప్పా?"

వకుళ ఆ సీసాని తూనిక కింద పెట్టింది. సీసాలో ఉన్నదీ బిళ్ళలో ఉన్నదీ ఒకటేనంది తూనిక. వకుళ మొదట బిళ్ళ చప్పరించి, తరవాత సీసాలోది ఒక గుక్క తాగింది. మళ్ళీ బిళ్ళ పెట్టుకుంది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది ఆమెకి.

"నసీమా, మా అంత తెలివితక్కువవాళ్ళు ఎక్కడా ఉండరు. ఇన్ని వేల ముద్రలు తీశాం, ఒక్కళ్ళమూ మింగలేదు. ఉమ్మి ఉమ్మి, కాఫీ అంటే గొంతు దాకానే అనుకున్నాం. గొంతు దిగాక వచ్చే రుచి ఉంది చూడు, కడుపు చాలమ్మా అనడం ఉంది చూడు, అవేవీ బిళ్ళలో లేవు. మనం అమ్ముతున్నది కాఫీ కాదు, కాఫీ మీద కోరిక."

"అయితే మింగించి ముద్ర తీయండి మేడమ్. దానికేం?"

తీశారు. కొత్తగా చేరిన రుచిగాళ్ళ చేత మింగించి, ఆ బిళ్ళల్ని ఆ రోజే బీచి రోడ్డులో పంచారు. జనం చప్పరించి, ఒక నిట్టూర్పు విడిచి, "బాగుందండీ, చాలు" అని సముద్రం వైపు వెళ్ళిపోయారు. రెండో బిళ్ళ అడిగినవాడు లేడు, సీసా కొన్నవాడు అసలే లేడు. మర్నాడు వాళ్ళలో కొందరిని పలకరిస్తే ఏ కాఫీ రుచి చూశారో పేరు కూడా చెప్పలేకపోయారు.

నసీమాకి విషయం బోధపడింది. కంపెనీ పైవాళ్ళకి ఇంకా తొందరగా బోధపడింది. ఇక మీదట మింగని బిళ్ళలే అమ్మాలనీ, సీసాలు పక్కన అలంకారానికి ఉంటే చాలనీ నిర్ణయించారు. మింగిన ముద్రలు పోటీవాళ్ళ చేతిలో పడకుండా ఆ వారాంతానికి చెరిపేయమన్నారు.

"ఇది మోసం," అంది వకుళ మంగళవారం సాయంత్రం. "దాహం తీరుస్తామని పిలిచి దాహం పెంచి పంపుతారా? మనుషులతో ఆడుకోడానికా నేను దీన్ని కనిపెట్టింది? నేను ఒప్పుకోను. కావాలంటే ఉద్యోగం మానేస్తాను."

"మీరన్నది నిజమే మేడమ్. కానీ తీరిపోతే ఎవళ్ళకీ అక్కర్లేదు కదా. నేనేటి చేసేది?" అంది నసీమా నెమ్మదిగా. "సర్లెండి, పైవాళ్ళతో మరోసారి మాట్లాడతాను. ఈలోగా కొత్తవీ, పాత లోపాల పెట్టెలో ఉన్నవీ అన్నీ ఒకచోట చేర్చమనండి."

లోపాల పెట్టె అనేసరికి వకుళ ఉలిక్కిపడింది. రుచిగాడు పొరపాటున మింగితే ఆ ముద్ర పోలికకి పనికిరాదు. అలాంటివి వాటంతటవే లోపాల కిందకి వెళ్ళిపోయి, మూతబడిపోతాయి. ఆ నియమం పెట్టింది వకుళే. పెట్టి, శుభ్రంగా మర్చిపోయింది.

"తూనికా! లోపాల పెట్టెలో ఆయనది ఏమైనా ఉందా?"

"ఒకటుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"ఆ పెట్టె ఎప్పుడూ తెరవొద్దన్నారు మీరు. ఇప్పుడు పైనుంచి తెరవమని ఉత్తర్వు వచ్చింది."

నసీమా బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అది చాలా ఏళ్ళ కిందటి ముద్ర. రుచిగాళ్ళు నిజంగా శ్రద్ధగా చూస్తున్నారో లేదో కనుక్కోడానికి ప్రతి పోలికలోనూ ఒక చెడ్డ సీసాని పేరు లేకుండా కలిపే ఆచారం ల్యాబులో ఉంది. దాన్ని దొంగసీసా అంటారు. ఆ రోజు దొంగసీసా దొరక్క, వకుళ ఇంట్లో తను నానబెట్టుకున్న కాఫీనే పోసి పెట్టింది. వంటలో ఆమె చెయ్యి ఎలాంటిదో ఆమెకి తెలుసు. పైడిరాజుకి చెప్పలేదు. అతను దానికి పదికి ఒకటి వేశాడు. ఆ మార్కు చూసి ఆమె పొట్ట పట్టుకుని నవ్వుకుంది. అతను మింగాడన్న సంగతి మాత్రం ఎవరూ చూడలేదు.

వకుళ బిళ్ళని నాలుక మీద పెట్టుకుంది.

చల్లగా వచ్చింది. ఎంత చేదు! పొడి ఎక్కువ, నానింది మరీ ఎక్కువ. అతని నాలుక వెనక్కి ముడుచుకుంది. బుగ్గలు ఉమ్మడానికి బిగుసుకున్నాయి. అంతలో ఏదో ఆగింది. ఇంట్లో రోజూ నోరు మూసుకుని తాగే ఆ చేదుని నాలుక గుర్తుపట్టింది. బిగిసిన దవడ వదులైంది. లోపలెక్కడో చిన్న నవ్వు కదిలింది. పైడిరాజు మింగాడు.

చేదంతా గొంతులోంచి దిగిపోయింది. దాని వెనకాల, ఆమె ఎన్నడూ ఎరగని సన్నటి తీపి ఒకటి మెల్లగా పైకి వచ్చింది. ఛాతీ తేలికైంది. పేరు లేని సీసాల్లో పెళ్ళాం కాఫీని పోల్చుకున్నాడు, ఇంటికొచ్చాక ఒక్క మాటైనా అనలేదు. వకుళకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మళ్ళీ పెట్టనా?" అంది తూనిక.

"వద్దు. చాలు," అంది వకుళ. కళ్ళు తుడుచుకుని లేచింది.

ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర పట్టింది. మర్నాడు పొద్దున్న తలుపు వేసుకోకుండానే పనిలో కూచుంది. ఆకలి వేసింది, కడుపునిండా తిన్నది. ఎదురింటావిడతో ఎప్పుడూ లేనిది అరగంట మాట్లాడింది. సముద్రం నీలంగా కనిపించింది. జీవితం ఇంత సులువుగా ఉంటుందని ఆమె మర్చిపోయింది.

శనివారం నసీమా వచ్చింది.

"పైవాళ్ళు వినలేదు మేడమ్. రేపు చెరిపేస్తన్నారు. కానీ మీ ఆయనది మీరు ఉంచుకోండి. నేను మాట్లాడాను, ఎవళ్ళూ ఏమీ అనరు."

"మా ఆయనది ఏమిటి?" అంది వకుళ, కాగితం మీంచి తలెత్తకుండా.

"పైడిరాజుగారు మింగినది," అంది నసీమా. వకుళ నెమ్మదిగా తలెత్తింది.

మంగళవారం సాయంత్రం నుంచి అతను ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు కావాలని తలుచుకుంటే మొహం వచ్చింది, గొంతు రాలేదు. "ఏటే" అనేవాడు కదా, ఎలా అనేవాడు? వెతుక్కుంది. వెతకడానికి కూడా లోపల పెద్ద ఆత్రం లేదు. బీచి రోడ్డులో నిట్టూర్చి సముద్రం వైపు వెళ్ళిపోయిన జనంలో తనూ ఒకతె అయిపోయింది. ఆరేళ్ళు అతన్ని తన దగ్గర కూచోబెట్టింది ఆ మింగని గుటకేనని అప్పుడు తెలిసింది ఆమెకి. ప్రేమ అనుకుంది. ప్రేమే కావచ్చు, కానీ అది ఆకలితో బతికింది. ఆమెకి భయం వేసింది. భర్త పోయిన రోజు కూడా అంత భయం వేయలేదు.

"తూనికా, ఆ ముద్రని కోసెయ్. మింగే ముందు వరకే ఉంచు."

"మిగతాది?"

"చెరిపెయ్."

"వకుళగారూ, ఆరేళ్ళుగా మీరు అడిగింది ఆ మిగతాదాన్నే."

"తెలుసు. చెరిపెయ్ అంటున్నానా!"

తూనిక కోసేసింది. వకుళ నసీమా వైపు చూడలేకపోయింది. "మొన్న నేను మోసం అన్నాను కదా," అంది. "ఆ మాట పైవాళ్ళకి ఇక చెప్పకండి. అమ్ముకోనివ్వండి."

నసీమా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

వకుళ బిళ్ళని నాలుక మీద పెట్టుకుంది. చల్లగా వచ్చింది. చేదు. నాలుక ముడుచుకుంది, బుగ్గలు బిగుసుకున్నాయి, ఏదో ఆగింది, దవడ వదులైంది. అక్కడ తెగిపోయింది. ఆమె గొంతు వట్టినే గుటక వేసింది. ఏమీ దిగలేదు. ఇంకో గుటక వేసింది. ఛాతీలో పాత చోటే మెలిపెట్టినట్టు నొప్పి లేచింది. దాంతోపాటే, ఎక్కడి నుంచో, "ఏటే" అన్న పిలుపు అచ్చం అతని గొంతుతో వినిపించింది.

వకుళ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చెయ్యి చాపి, "మళ్ళీ పెట్టు," అంది.