లెక్క తప్పిన రాశి

"ముందు కాగితం మీద రాసుకుందామండి," అంది ప్రసన్నకుమారి.

సీమోను అప్పుడే పడవ దిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కాడు. అంబాజీపేటలో సొంతంగా కొబ్బరికాయల వ్యాపారం మొదలుపెట్టి ఇంకా నెల తిరగలేదు. కొత్తపేట అవతలి గోదావరి లంకలో పాపారావు మాస్టారి తోట కాయ గట్టిదని ఎవరో చెబితే మొదటి బేరానికి అక్కడికే వచ్చాడు. మాస్టారితో మాట్లాడదామనుకుంటే ఆయన కూతురు ఎదురైంది. ఒంటిమీద నల్లకోటు లేదన్న మాటే గాని, నిలబడ్డ తీరు అచ్చం కోర్టులో నిలబడ్డట్టే ఉంది.

"వందనాలండి. రాతకోతలెందుకండి? కొబ్బరికాయలకి ఎవరన్నా కాయితాలు రాసుకుంటారేటండి? మాటంటే మాటేనండి."

"నోటిమాట కూడా ఒప్పందమే. చట్టం ఒప్పుకుంటుంది. కానీ మీ మొహం చూస్తే రాయించుకోవాలనిపిస్తోంది."

"నా మొహానికేమైందండి?"

"బేరానికొచ్చినవాళ్ళ మొహంలా లేదు. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టుంది."

లోపల్నుంచి జ్ఞానమ్మ గొంతు వినిపించింది. "ఒసే ప్రసన్నా, ఆ అబ్బాయికి మంచినీళ్ళిచ్చి అప్పుడు తిట్టవే."

జ్ఞానమ్మ ప్రసన్నకి నాయనమ్మ. ఇంట్లో అందరికీ మామ్మ. ప్రసన్న అమలాపురం కోర్టులో ఒక లాయరుగారి దగ్గర జూనియరు. పాపారావు గారు రిటైరైన లెక్కల మాస్టారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన తోటలోకి వెళ్ళలేకపోతున్నారు. అందుకే కాయలు దింపించడం దగ్గర్నుంచి బేరం దాకా ఈసారి కూతురి మీద పడింది.

కాగితమైతే రాసుకోలేదు. వెయ్యి కాయలకింత అని ధర కుదిరింది. సీమోను బయానా ఇచ్చాడు. "లెక్క మాది. లెక్కపెట్టి అప్పజెప్పేదాకా సరుకూ మాదే," అని ప్రసన్న నోటితోనే షరతు పెట్టింది. సీమోను అన్నిటికీ "ఆయ్" అన్నాడు. ఆమె ఏమడిగినా ఆ రోజు ఆయ్ అనేవాడే. అమ్మాయి నచ్చింది. ఇందులో దాపరికమేముంది, చూడగానే నచ్చింది.

కాయలు దింపి తోటలో రాశి పోసిన రోజున మళ్ళీ వచ్చాడు. ఈసారి చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. కొబ్బరికాయలు లెక్కించడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని పడవలోనే ఇద్దరు అడిగారు. చెప్పలేదు.

ఆ లంకలో లెక్క ఇలా జరుగుతుంది. కూలీలు రాశిలోంచి కాయలు తీసి ఇవతలికి విసురుతుంటే, అమ్మేవాళ్ళ తరఫు మనిషి పైకి లెక్క చదవాలి. వంద కాగానే కొనేవాడు ఒక కాయ తీసి గుర్తుగా పక్కన పెట్టాలి. ఒకరు తప్పితే రెండోవారు పట్టుకుంటారు. ఇద్దరూ ఒకేసారి తప్పడమన్నది అక్కడ ఎవరూ ఎరగరు.

"లాభం, రెండు, మూడు, నాలుగు..." అందరిలాగే ఒకటికి బదులు లాభమంటూ ప్రసన్న మొదలుపెట్టింది.

"కోర్టులో కూడా లాభం అనే మొదలెడతారేటండి, లాయరు గారూ?"

"కోర్టుకొచ్చేవాళ్ళు నష్టంతోనే మొదలెడతారు. ఊరుకోండి, లెక్క తప్పుతుంది. పదకొండు, పన్నెండు..."

సీమోను ఊరుకున్నాడు. నోరు ఊరుకుంది గాని కళ్ళు ఊరుకోలేదు. మొదటి వందకి కాయ పెట్టాడు. రెండో వందకి పెట్టాడు. మూడో వందకీ పెట్టాడు. అంతలో తూర్పు నుంచి గాలి లేచి సన్నగా చినుకులు మొదలయ్యాయి. ప్రసన్న చున్నీ తలమీదికి లాక్కుంది. ఒక చినుకు మాత్రం ఆమె కనురెప్ప మీద ఆగి, కిందికి జారాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కాసేపు అక్కడే ఉంది. ఆమె తుడుచుకోలేదు. సీమోను ఆ చినుకు సంగతి తేలేదాకా ఇంకో పని పెట్టుకోలేదు.

కూలీలు నడుం నిటారు చేసుకుని అడిగారు. "ఎంతయిందమ్మా?"

ప్రసన్న ఉలిక్కిపడి సీమోను వైపు చూసింది. "మీరెన్ని కాయలు పెట్టేరు?"

"మూడండి. మీరెంతలో ఉన్నారండి?"

"మూడేంటి? రాశి సగం ఇవతలికొచ్చేసింది!"

"అదేనండి, మీ లెక్క ఎంతండి?"

ప్రసన్నకీ లెక్క గుర్తు లేదు. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఈలోపు వాన పెద్దదైంది. రేపు పొద్దున్నే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడదామనుకుని ఎవరి దారిన వాళ్ళు పరుగెత్తారు.

ఎగువ నుంచి వరద వస్తోందని అందరూ విన్నారు. ఇంకో రెండు రోజులు పడుతుందనుకున్నారు. గోదావరి మాత్రం తెల్లారేసరికి తోటలో నడుంలోతు నిలబడింది. మెట్టమీద ఇల్లు కాబట్టి మనుషులకేమీ కాలేదు. రాశిలో ఒక్క కాయ మిగలలేదు. అన్నీ తేలుతూ సముద్రం దారి పట్టాయి.

నీళ్ళు తగ్గి పడవలు తిరగడం మొదలవగానే సీమోను మొదటి పడవలో వచ్చాడు. ప్రసన్న అరుగు మీది ఒండ్రు చీపురుతో గీకి తోస్తోంది. మామ్మ మంచం మీద కూర్చుని ఇక్కడ మిగిలింది, అక్కడ మిగిలింది అని చూపిస్తోంది. పాపారావు గారు కుర్చీలోంచి లేవకుండానే ఒక కవరు చాపారు.

"రండి బాబూ. మీ బయానా. రాశి పోయింది గదా, ఇక బేరం లేదు."

సీమోను చెయ్యి చాపలేదు. ఆ కవరు తీసుకుంటే అక్కడితో సరి. మళ్ళీ ఈ లంకకి రావడానికి అతనికి ఏ పనీ ఉండదు. పని లేకుండా వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడేంత ధైర్యమూ లేదు.

"రాశి నేను కొనేసేనండి మాస్టారండీ. పోయింది నా సరుకండి."

"కొనలేదు," అంది ప్రసన్న తల ఎత్తకుండా. "ధర వెయ్యికింత అన్నాం. మొత్తం ఎంతో తేలాలంటే లెక్క కావాలి. అమ్మేవాళ్ళం మేం ఆ లెక్క పూర్తిచేసి మీకు చెప్పేదాకా సరుకు మీది కాదు. సరుకు ఎవరిదో నష్టం వాళ్ళది. సరుకుల అమ్మకం చట్టం, ఇరవై రెండో సెక్షనూ, ఇరవయ్యారో సెక్షనూ."

"లాయరయ్యుండి మీ మీద మీరే వాదించుకుంటారేటండి?"

"మనకి లాభమైనప్పుడే గుర్తొస్తే అదేం చట్టమండి?"

"నేను తీసుకోనండి."

ప్రసన్న చీపురు పక్కన పెట్టింది. "ఎందుకు తీసుకోరు? మొత్తం నష్టం నెత్తినేసుకుంటే నెల తిరక్కుండా కొట్టు మూసుకోవాలి. తెలుసా?"

"తెలుసండి."

"తెలిసీ ఇస్తానంటే జాలి అంటారు దాన్ని. వరదలో మునిగినవాళ్ళని చూసి జాలిపడి ఇచ్చేది మాకొద్దు."

"జాలి కాదండి!"

"మరేంటి?"

సీమోను చెప్పుల కోసం అరుగు కిందికి చూశాడు. ప్రసన్న తండ్రి చేతిలోని కవరు తీసి అతని చేతిలో పెట్టి మళ్ళీ చీపురు పట్టుకుంది. ఆమెకి ఏడుపొస్తోంది. అది కోపం అనుకుంది. సీమోను మెట్లు దిగాడు. చివరి మెట్టు మీద ఆగిపోయాడు.

"ప్రసన్న గారండీ. లెక్క ఆలస్యమవడం కొనేవాడి తప్పయితేనండి?"

చీపురు ఆగింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. "ఆ మాట ఇరవయ్యారో సెక్షన్లోనే ఉంది. ఎవరి తప్పు వల్ల అప్పగింత ఆలస్యమైందో, ఆ ఆలస్యం వల్ల వచ్చిన నష్టం వాళ్ళదే."

"మరిందాకా చెప్పలేదేటండి?"

"మీ తప్పేముందని చెప్పాలి?"

"ఉందండి." సీమోను మళ్ళీ మెట్లెక్కి మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారండీ, వందకో కాయ పక్కన పెట్టాల్సింది నేనండి. మూడు పెట్టి ఆపేసేనండి. సరిగ్గా పెట్టుంటే ఆ సాయంత్రమే లెక్కయిపోయేదండి. చీకటి పడకుండానే పడవకెక్కించేద్దునండి."

"ఎందుకాపేరు?" అన్నారు పాపారావు గారు.

"మీ అమ్మాయిగారిని చూస్తున్నానండి."

పాపారావు గారు కళ్ళజోడు తీశారు. తుడిచే బట్ట కనిపించక మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ ఒక్క పూటే కాదండి," సీమోను ఇక ఆగలేదు. "పడవ దిగిన రోజు నుంచీ నాకిదే ధ్యాసండి. మీ అమ్మాయిగారంటే ఇష్టమండి. ఇలా చెప్పడం కూడా తప్పయితే దాన్నీ నా మీదే వేసుకోండి. ఇది జాలి మాత్రం కాదండి."

అంత తెలివైన లాయరమ్మాయికి ఒక్క సెక్షనూ గుర్తు రాలేదు. ఒండ్రు చేతులు చున్నీకి తుడిచేసుకుని, ఇప్పుడు చున్నీ పాడైందని చూసుకుని, చివరికి అంది.

"తప్పు ఆయనొక్కరిదే కాదు నాన్నా. ఆయన కాయ పెట్టకపోయినా నా లెక్క నా దగ్గరుండాలి కదా. నేనూ మర్చిపోయాను."

"లెక్కల మాస్టారి కూతురివి. నాలుగొందలు లెక్కపెట్టలేకపోయావా?"

"లేకపోయాను."

"ఎందుకని?"

"ఒరే పాపారావూ," అంది జ్ఞానమ్మ మంచం మీంచి. "ఎందుకని అడక్కురా. అది చెప్పలేదు, నువ్వు వినలేవు."

పాపారావు గారు కుర్చీలో ముందుకి వంగారు. ఆయనకి కోపమొచ్చిందో నవ్వొచ్చిందో ఆ మొహంలో తెలియడం లేదు. "ఇద్దరి తప్పూ అయితే మీ చట్టం ఏమంటుందమ్మా?"

"సూటిగా ఏమీ అనదు నాన్నా."

"అయితే అక్కణ్ణుంచి నేను చెప్తాను. పోయిన దింపులో వచ్చిన కాయల లెక్కే దీనికీ వేసుకుందాం. నష్టం చెరిసగం. బాబూ, ఆ కవరు ఇలా ఇవ్వు. వచ్చే దింపు కూడా నువ్వే కొను. లెక్కపెట్టేటప్పుడు మాత్రం నేను కుర్చీ వేయించుకుని మీ ఇద్దరి మధ్యనే కూర్చుంటాను."

ఆయన నువ్వు అనడం సీమోను విన్నాడు. కవరు రెండు చేతులతో ఇచ్చాడు. సగం నష్టం కూడా చిన్నదేం కాదు, కొట్టు నిలబెట్టుకోవడానికి చాలా రోజులు చెమటోడ్చాలి. అయినా బతికిపోయాననుకున్నాడు.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"మా అమ్మండి."

"ఆదివారం చర్చి అయ్యాక తీసుకురా. మాట్లాడదాం." పాపారావు గారు కూతురి వైపు తిరిగారు. "నీకేమన్నా అభ్యంతరముందా?"

"లేదు నాన్నా," అంది ప్రసన్న. ఆ మాట ఎంత చిన్నగా అందంటే, చెవుడని అందరూ అనుకునే మామ్మకి మాత్రమే వినబడింది. ఆవిడ దాన్ని గట్టిగా నలుగురికీ చెప్పింది.

సీమోనుని రేవు దాకా దిగబెట్టి రమ్మని ప్రసన్నని పంపిందీ ఆవిడే. దారంతా బురద. ఒకరికొకరు చెయ్యి ఇవ్వాలనుకుని, ఇవ్వకుండానే జాగ్రత్తగా నడిచారు. రేవులో పడవ నిండి ఉంది. పడవ నడిపే గంగబాబు ఎక్కండెక్కండని కేకేస్తున్నాడు.

"మీరెందుకు మర్చిపోయేరో చెప్పలేదండి," అన్నాడు సీమోను.

"చెప్పకపోతే?"

"ఆదివారం దాకా నిద్ర పట్టదండి."

ప్రసన్న అతని వైపు తిరిగింది. "మీరు చూస్తున్నారని నాకు తెలిసిందండి. తల తిప్పితే మీరు సిగ్గుపడి చూడ్డం మానేస్తారని భయమేసింది. తిప్పకుండా అలాగే నిలబడ్డాను. మొహం మీద చినుకు కూడా తుడుచుకోలేదు. ఇంకెక్కడి లెక్కండి?"

గంగబాబు ఇంకోసారి కేకేశాడు. తర్వాత విసుక్కున్నాడు. తర్వాత గెడ వేశాడు.

"పడవ వెళ్ళిపోయిందండీ," అంది ప్రసన్న.

"చూసేనండి," అన్నాడు సీమోను, అటు తిరక్కుండానే.