నల్లోడు ముద్ద తిన్నాడా?

"ముందు పోయి ఆ కుక్కను కొట్టి చంపు. మాటలు తర్వాత!"

చిత్తూరు పెద్దాసుపత్రి వరండాలో అలివేలు గొంతు విని బెంచీల మీది వాళ్ళంతా తలలు తిప్పారు. ఎదురుగా దొరస్వామి. అతని భుజం మీద ఐదేళ్ళ చిన్నబ్బ వెక్కుతున్నాడు. చొక్కా మీద వాడి కాలి నెత్తురు.

చిన్నబ్బ అలివేలు అక్క కొడుకు. అక్క బాలింత కావడంతో పిల్లవాడి బాధ్యత అలివేలుదే. ఊరి చివర దొరస్వామి వాళ్ళ చెరకు గానుగ దగ్గర వేడి బెల్లం పెడతారని వాణ్ణి తీసుకెళ్ళింది. ఆమె పాకం వైపు చూస్తుండగా వాడు అక్కడ పడుకున్న వాళ్ళ కుక్క నల్లోడి తోక తొక్కాడు. పిక్కలో పళ్ళు దిగాయి. దొరస్వామి వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రి దాకా ఒకటే పరుగు.

డాక్టరు కృష్ణమూర్తి గాయం కడిగి కట్టు కట్టాడు.

"చంపితే దానికి పిచ్చి ఉందో లేదో ఎట్లా తెలుస్తుందమ్మా? కట్టేసి పది రోజులు చూడండి. బాగా తిని తిరిగితే బిడ్డకు భయం లేదు. అంతవరకు రోజూ బొడ్డు పక్కన ఒక సూది. కుక్కకేమన్నా అయితే మాత్రం పద్నాలుగూ వెయ్యాల్సిందే. ఆపైన దేవుడున్నాడు."

"నేనే దినమూ వచ్చి చెప్తా సార్," అన్నాడు దొరస్వామి.

"నీ కుక్క, నీ నోరు. బాగుండాదనే చెప్తావు. నేనే వచ్చి సూస్తా," అంది అలివేలు.

అన్నట్టే వచ్చేది. పొద్దున నాయన మునిరామయ్యతో ఆసుపత్రికి వెళ్ళి, సూది కాగానే చిన్నబ్బను చంకనెత్తుకుని గానుగ దగ్గరికి. ఇంటినుంచి తెచ్చిన రాగిముద్దను చట్టిలో వేసి, కర్రతో నల్లోడి ముందుకు తోసి, వాడు తినేదాకా కదిలేది కాదు.

"నువ్వట్లా గుడ్లురిమి సూస్తాంటే నాకే ముద్ద దిగదు. వాడికెట్లా దిగుతాది?" అన్నాడు దొరస్వామి, చిన్నబ్బ చేతిలో బెల్లం ముక్క పెడుతూ.

అలివేలు నవ్వు ఆపుకుంది. ఐదోనాటికి కర్ర తేవడం మానేసింది.

ఎనిమిదో రోజు పొద్దుటినుంచి వాన. అది తగ్గి ఆమె వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గానుగ ఆగిపోయి ఉంది. నల్లోడి చట్టి నిండుగా ఉంది.

"పొద్దున్నుంచీ ముట్టలే," అన్నాడు దొరస్వామి.

అలివేలు చిన్నబ్బను గుండెకు హత్తుకుంది. ఎలాగో తాను తెచ్చిన ముద్దలో సగం తుంచి నల్లోడి ముందు వేసింది.

నల్లోడు లేచాడు. తోకాడించాడు. గబగబా తినేశాడు.

"వీనికి రోగమూ లేదు, పాడూ లేదు," అంది దొరస్వామి తల్లి అక్కమ్మ. "ఈ పిల్ల పెట్టే ముద్దకు మరిగినాడు. వీడు తినలేదని నా కొడుకూ పస్తే ఉండాడు!"

అలివేలు కళ్ళు తుడుచుకుంది. మిగిలిన ముద్దను దొరస్వామి ముందు పెట్టింది.

"నువ్వూ తిను. నీకు కూడా నేనే కాపలా ఉండాల్నా?"

పదో రోజు డాక్టరు సూదులు ఆపేశాడు.

"మరి బెల్లమో?" అన్నాడు చిన్నబ్బ దిగులుగా.

వరండాలో దొరస్వామి పైగుడ్డ మెలిపెడుతూ నిలబడ్డాడు. "ఇంక మావైపు నీకేం పనిలేదులే."

అలివేలు బిగువుగానే ఉన్న చిన్నబ్బ కట్టును మళ్ళీ బిగించింది. "డాక్టరుకు నమ్మకం కుదిరింది గానీ నాకింకా కుదర్లే. రేపూ వచ్చి సూస్తా."

"ఎన్నాళ్ళు సూస్తావు?"

వెనకనుంచి మునిరామయ్య దగ్గాడు.

"ఆ మాట పిల్లనడిగితే ఏం చెప్తాదప్పా? మంచిరోజు సూసి మీ అమ్మను మా ఇంటికి రమ్మను."

"అట్లే మామా!" అనేసి దొరస్వామి నాలిక కరుచుకున్నాడు.

అలివేలు ఈసారి నవ్వు ఆపుకోలేదు.