బోర్లా పెట్టలేని బొమ్మ

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అత్తగారు ముందు యంత్రాన్ని పలకరిస్తుంది, ఆ తర్వాతే కోడలిని. "లేచావా తల్లీ" అంటూ దాని నెత్తి మీద చెయ్యి వేసి మీట నొక్కితే, అది గర్రుమని కదిలి వేడెక్కడం మొదలుపెడుతుంది. ఇంటి ముందుగదే జిరాక్సు దుకాణం. వెనక పొయ్యి మీద పాలు పొంగినా, ముందు యంత్రంలో కాగితం ఇరుక్కున్నా పరుగెత్తేది ఆ ఇద్దరు ఆడవాళ్ళే. కొడుకు పొద్దున ఉద్యోగానికి పోయి సాయంత్రానికి వస్తాడు కనుక అతనికి ఏ గొడవా అంటదు.

వీధిలో అందరూ అత్తగారిని సిరా అమ్మ అంటారు. స్టెన్సిల్ కోసి, సిరా పూసి, రోలరు తిప్పి కాపీలు తీసిన కాలంలో ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవట. తర్వాత పచ్చటి వెలుగు అటూ ఇటూ జారే మంచమంత యంత్రం వచ్చింది. అది ముసలిదయ్యాక కంప్యూటరు చెప్పినట్టు వినే ఈ కొత్తది వచ్చింది. ఇప్పుడు జనం కాగితాలే తేవడం లేదు. ఫోన్లోంచి పంపించేసి "తీసి ఉంచండమ్మా, వస్తున్నాం" అంటున్నారు. వచ్చిన ప్రతి మార్పునూ ఆమె ముందు తిట్టిపోసింది, తర్వాత పట్టుబట్టి నేర్చుకుంది. "నా చేతిలో ఒక్క కాగితం పాడవలేదు" అని ఆమె చెప్పుకోని రోజు లేదు, వినని మనిషి ఆ పేటలో లేడు.

ఆ రోజు కూడా కోడలు కౌంటరు కింది సొరుగు లాగి, జానెడు మెరుపు కాగితం ఒకటి బయటికి తీసింది. ఆరో నెలలో కడుపులోనే పోయిన పాపకు మిగిలిన ఒకే ఒక్క గుర్తు ఆ స్కాన్ బొమ్మ. గుండ్రటి తల, చిన్న ముక్కు, బుగ్గకు ఆనించిన పిడికిలి. బొమ్మ రోజురోజుకూ వెలిసిపోతోంది.

"మళ్ళీ తీశావా?" అంది అత్తగారు.

"తీశాను."

"పారేయమని ఎన్నిసార్లు చెప్పాలి? చూస్తూ కూర్చుంటే పోయింది తిరిగొస్తుందా?"

"రాదు. అయినా చూస్తాను."

"మాటకు మాట!"

"మీరు ఒకటి అన్నారు, నేను ఒకటే అన్నాను అత్తయ్యా. ఎక్కువేం అనలేదు."

ఆ ఇంట్లో ఆ పాప ఊసే ఎత్తకూడదని ఒక కట్టుబాటు ఏర్పడిపోయింది. ఎవరు పెట్టారో తెలియదు గాని, అందరూ పాటిస్తారు. ఎవరైనా అడిగితే "ఇంకా పిల్లల్లేరు" అనాలి. కోడలికి ఆ మాట వచ్చేది కాదు. తొమ్మిదో నెల దాటకపోతే బిడ్డ బిడ్డ కాకుండా పోతుందా అని ఆమె మంట. ఎవరేమనుకున్నా తన కూతురు ఈ ఇంటి పిల్లేనని అనిపించుకోవాలని ఆమె పంతం పట్టింది.

మధ్యాహ్నం కోడలు బడికి ప్రశ్నపత్రాల కట్టలు ఇచ్చి తిరిగొచ్చేసరికి సొరుగు తెరిచి ఉంది. లామినేషన్ యంత్రం ముందు అత్తగారు కొయ్యబారి నిలబడి ఉంది. ఆమె చేతిలో ప్లాస్టిక్ తొడుగు మధ్య జానెడు కాగితం, బొగ్గులా నల్లగా.

కోడలికి అర్థం కావడానికి క్షణం పట్టింది.

"ఏం చేశారు?"

అత్తగారు ఆ తొడుగును వెనక్కి దాచబోయింది. అది చూసి కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"నేను పారేయలేదని మీరే కాల్చేశారా? మీ అబ్బాయి ఫోన్లో ఉన్న బొమ్మలన్నీ తుడిచేశాడు. స్కాన్ సెంటరువాళ్ళు యంత్రం మార్చాం, పాతవి లేవన్నారు. ఉన్నదిదొక్కటే! మీకు అంత అడ్డమొచ్చిందా నా కూతురు?"

"ఇంత యంత్రం పక్కన పెట్టుకుని కాపీ ఎందుకు తీసుకోలేదే?" అంది అత్తగారు.

"ఎన్నోసార్లు తీద్దామనే వెళ్ళాను. గాజు మీద బోర్లా పెట్టాలి కదా. పెట్టి, పైన మూత వెయ్యాలి కదా." కోడలు ఏడుపు దిగమింగుకుంది. "నా చేతుల్తో నేను దాన్ని బోర్లా పడుకోబెట్టి మూత వెయ్యలేకపోయాను అత్తయ్యా."

అత్తగారు స్టూలు మీద కూలబడింది. ఎన్నెన్ని మూతలు వేసిన చేతులవి! అవి ఒళ్ళో అలాగే పడి ఉన్నాయి.

"కాల్చలేదే అమ్మాయ్. నువ్వు లోపలికెళ్ళాక రోజూ నేనూ తీసి చూస్తున్నా. నిన్న చూస్తే ముక్కు సరిగా కనబడలేదు. నిగనిగలాడుతోంది కదా, ఫోటో కాగితం అనుకున్నా. లామినేషన్ చేస్తే నిలిచిపోతుంది, నువ్వొచ్చేలోగా చేసి చేతిలో పెడదామనుకున్నా. ఫ్యాక్సు కాగితం జాతిదని తోచలేదు. వేడి తగిలితే నల్లబడుతుందని ఊరందరికీ చెప్పేది నేనే. నాకే తోచలేదు."

"పారేయమన్నారుగా మీరు!"

"అన్నాను. నువ్వు దాన్ని చూస్తుంటే నాకు భయమేసేది. దాని దిగులుతో నువ్వూ నాకు దక్కవేమోనని. ఆ చూసేదేదో నేను చూసుకుంటాలే, నువ్వు చూడకు అనుకున్నా. బుద్ధిలేనిదాన్ని."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు వెంటనే కరిగిపోలేదు. కోపం అంత సులువుగా దిగేదైతే ఆ ఇంట్లో ఇన్నాళ్ళు నెగ్గుకొచ్చేదే కాదు. కానీ తనకు తెలియకుండా ఇన్నాళ్ళూ తన పాపను ఇంకొకరు కూడా చూస్తున్నారన్న మాట ఆమె లోపల ఎక్కడో తగిలింది. వెళ్ళి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది.

"ముక్కు ఎవరి పోలిక?" అని అడిగింది.

"మనది కాదులే, మీ అమ్మది" అంది అత్తగారు ముక్కు చీదుకుంటూ. "పిడికిలి మాత్రం నాది. ఎవరినో గుద్దేదానిలా!"

ఏడుపు మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చింది.

సాయంత్రం కొడుకు వచ్చి, ఇద్దరి వాచిన మొహాలూ చూసి, సంగతి విన్నాడు. "పోనీలెండి, ఒక కాగితం కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు.

"నోర్ముయ్!" అత్తగారు గయ్యిమని లేచింది. "నా మనవరాలిని కాగితమంటావా? ఉన్నవన్నీ తుడిచేసి చేతులు దులుపుకున్నావు నువ్వు!"

"దులుపుకున్నానా?" అతను అక్కడే గోడకు జారగిలబడ్డాడు. "తుడిచిన మర్నాడే మళ్ళీ వెతుక్కున్నానమ్మా. దొరకలేదు. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు." భార్య అతన్ని ఓదార్చలేదు, కానీ లేచి వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఇక దాన్ని లోపల దాచేద్దాం" అన్నాడతను చివరికి. "పారేయడమో..."

"పారేయను, దాచను" అంది కోడలు. "నల్లబడితే మాత్రం, ఇందులోనే ఉంది అది. దుకాణంలో పెడతాను. అందరికీ కనబడేలా పెడతాను."

"నలుగురూ ఏమనుకుంటారు?"

కోడలు జవాబిచ్చేలోపే అత్తగారు అందుకుంది. "అనుకోనీ. దుకాణం నాది."

మర్నాడు ఒక పెద్దాయన తన కొడుకు సర్టిఫికెట్ లామినేషన్‌కు తెచ్చాడు. కౌంటరు వెనక, దేవుడి పటం ఉండవలసిన చోట నిలబెట్టిన నల్లటి అట్టను వింతగా చూశాడు.

"ఇదేంటి సిరా అమ్మా, పాడైనదాన్ని అక్కడ పెట్టావు? నీ చేతిలో ఒక్క కాగితం పాడవలేదంటావుగా?"

కోడలు చేస్తున్న పని ఆపి తలెత్తింది. అత్తగారు ఆమె వైపు ఒకసారి చూసి, పెద్దాయన వైపు తిరిగింది.

"ఇదొక్కటే పాడైంది బాబూ. నా చేతిలోనే పాడైంది" అంది, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "మా మొదటి మనవరాలు. ఆరు నెలలు మాతో ఉంది."