కొరింథు బావి కాడ పలకొద్దు

ఆ బావి కాడ పొద్దుగూకేక ఎవరు పిలిచినా పలకొద్దంట. అది పేరెట్టి పిలుస్తాదంట... నీ పేరే, నీ భాషలోనే, నీకు బాగా తెలిసిన గొంతుతోనే. పలికినోళ్ళు ఏటయ్యేరో అడిగితే ఆ ఊరోళ్ళు తల అడ్డంగా ఊపి లోపలికెల్లిపోతారంట.

ఇది మన చోడవరం పక్క బుచ్చయ్యపేట బావి సంగతి కాదు. గ్రీసు దేశంలో కొరింథు అని పాతకాలం పట్నం ఉంది, అక్కడి సంగతి. "నువ్వెప్పుడెల్లేవే నూకరత్నం?" అని నవ్వకండి. నేను అనకాపల్లి దాటిందే తక్కువ. ఎల్లింది మా పక్కింటి రూతమ్మొదిన. ఆవిడ సెప్పింది సెప్పినట్టే సెప్తన్నాను. ఒక్క ముక్క కలిపితే మా నూకాలమ్మ తల్లే నన్ను సూసుకుంటాది. ఆఖర్న జరిగింది మాత్రం నేను విన్నది కాదు, నా ఎదురుగుండా జరిగింది.

రూతమ్మొదినా, వాళ్ళాయన దయాసాగర్ మేష్టారూ చోడవరంలో మా గోడ పక్కనే ఉంటారు. మేష్టారు హైస్కూల్లో లెక్కలు సెప్పి రిటైరయ్యేరు. సర్చిలో పెద్ద. ఆయనకి సుగరు, పూట పూటకీ ఇన్సులిన్ సూది. పెరగడం మాట అలా ఉంచండి, ఆయనకి ఉన్నట్టుండి పడిపోతాది. పోయినేడు ఓ రాత్రి పెరట్లో సోయి లేకుండా పడున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కడని డాక్టరు మొహమ్మీదే సెప్పేసేడు. ఆ రోజు నుంచీ వదిన ఎక్కడికెల్లినా చేతిసంచీలో మాడుగుల హల్వా డబ్బా ఉంటాది. నోట్లో ముక్కెడితే మనిషి తేరుకుంటాడు.

"అలాటాయన్ని అంత దూరం ఏటి తీసుకెల్తావొదినా?" అంటే, "ఆయనకున్నది ఒక్క కోరికే. అపొస్తలులు నడిచిన నేల మీద నడవాలంట. ఎలగ కాదంటానే?" అంది.

విశాఖపట్నంలో రెజీనా అని ఒకావిడుంది, సర్చిలోళ్ళని పోగేసి ఆ దేశాలు తిప్పుతాది. ఆవిడతో ఎల్లేరు. ఏథెన్సు సూసేక సగం మంది కాళ్ళు పట్టేసి హోటల్లోనే ఉండిపోయేరంట. మిగిలినోళ్ళని చిన్న వ్యానెక్కించి, తోడు ఒక గైడునిచ్చి, ఒక్క రాత్రి ప్రయాణంగా కొరింథు తీసుకెల్లేరు. పగలంతా కూలిపోయిన గుళ్ళు, విరిగిపోయిన స్తంభాలు. రాత్రికి ఆ రాళ్ళ పక్కనే ఓ పల్లెలో చిన్న లాడ్జి. తెల్లారితే ఇంకో పాత కోట.

లాడ్జి వెనకాల ఆలివ్ తోట. తోట దాటితే తవ్వకాలోళ్ళు తవ్వి వొదిలేసిన గోతులు, ఆ గోతుల మధ్య రాతి బావి. పొద్దు వాలతన్నాది. అందరూ బావి గట్టు మీద సెయ్యేసి ఫోటోలు దిగతన్నారు. గైడు మాత్రం — ఆ దేశం ఆడపిల్లే, సలాకీ గుంటంట — తోట చివరే ఆగిపోయింది.

"ఏటమ్మా, నువ్వు రావేటి?" అని రెజీనా ఇంగ్లీషులో అడిగింది.

ఆ గుంట నవ్వలేదంట. నెమ్మదిగా ఏదో సెప్పింది. అది రెజీనా మనోళ్ళకి తెలుగులో సెప్పింది. అదే... నేను మొదట్లో సెప్పేనే, ఆ బావి పేరెట్టి పిలుస్తాదన్న మాట.

మా వదినది చీడికాడ. కొండ కింద పుట్టిన మనిషి. సర్చికెల్లినా, ప్రార్థనలు సేసినా, పుట్టిన ఊరి భయం ఎక్కడికి పోతాది? "మా కాడా అంతేనమ్మా! రాత్రిపూట ఎవరైనా పిలిస్తే ఒకటి, రెండు పిలుపులకి పలకం. మూడోసారి పిలిస్తేనే పలుకుతాం. దెయ్యానికి మూడోసారి పిలవడం సేతకాదు కదా!" అని సెప్పేసింది.

మేష్టారు పకపకా నవ్వేరు. "ఇదిగో, మూడు వరకు లెక్కపెట్టడం కూడా రాదేటే మీ దెయ్యానికి? నా క్లాసులో కూచోబెట్టు, నేర్పుతాను. సర్చి పెద్ద పెళ్ళానివి, పరాయి దేశంలో పరువు తీయకు," అన్నారు. అందరూ నవ్వేరు. గైడు గుంట మాత్రం, "ఇక్కడ మూడోసారి లెక్క లేదు. ఇక్కడ అసలే పలకం," అని వెనక్కి తిరిగి ఎల్లిపోయింది.

ఆ రాత్రి భోజనం కాడ జరిగిందమ్మా తప్పు. ఆ దేశపోళ్ళు మన మొదటాట సినిమా వొదిలే యేళకి గానీ కంచం పెట్టరంట. మేష్టారు చోడవరం అలవాటు కొద్దీ చీకటి పడగానే సూదేసేసుకున్నారు. తీరా కంచంలో ఏటొచ్చింది? పచ్చాకులు, ఉప్పు కషాయం లాటి జున్ను, చేదు కాయలు. ఆయన రెండు ముక్కలు కతికి "నాకు సాలు" అని లేచిపోయేరు. వదిన బతిమాలి ఓ రొట్టి ముక్క తినిపించింది. మందు ఒంట్లో ఉంది, తిండి లేదు. ఇంకేటి కావాలి?

నడిరాత్రి వదినకి మెలకువొచ్చింది.

పక్కన సెయ్యి ఏసి సూసింది... మంచం ఖాళీ. దుప్పటి తడిగా ఉంది. చెమట. పోయినేడు పడిపోయిన రాత్రీ అంతే, ముందు ఇలాగే చెమట పట్టేసింది. చెప్పులు ఉన్నాయి, మనిషి లేడు. వెనకవైపు తలుపు బార్లా తీసుంది.

సుగరు పడిపోతే ఆయనకి ఊరూ పేరూ తెలీదు. మన చోడవరం పెరట్లోకే ఎల్తన్నాననుకుని లేచి నడిచేసేరు.

వదిన ఎల్లి రెజీనా గది తలుపు బాదింది. "మీరు వెనకవైపు సూడండాంటీ, నేను రోడ్డు మీద సూస్తాను," అని ఆవిడ టార్చి పట్టుకుని ముందుకి పరిగెట్టింది. వదిన హల్వా డబ్బా, సెల్లు పట్టుకుని తోటలోకి దిగింది.

సీకటి... అలాటిలాటి సీకటి కాదంట. చెట్టు పక్కన చెట్టు, ఏది మనిషో ఏది మానో తెలీదు. కుక్క లేదు, కీచురాయి లేదు. సెల్లు వెలుగు నాలుగడుగుల అవతలికి పోవట్లేదు. వదిన తోట దాటింది. దాటేక గుర్తొచ్చింది, ముందర ఏటుందో.

బావి.

గోతుల మధ్య నల్లగా, నోరు తెరుచుకుని.

"ఏవండీ..." అని పిలిచింది.

ఎక్కడా సడి లేదు.

"ఏవండీ...!"

ఏదీ? గాలి కూడా ఆగిపోయింది. మూడోసారి పిలుద్దామని నోరు తెరిసింది — తెరిసిన నోరు తెరిసినట్టే ఉండిపోయింది. బావి వైపు నుంచి...

"రూతూ..."

సన్నగా. నూతిలోంచి వొచ్చినట్టు.

వదిన నిలువునా బిగుసుకుపోయింది. పలకొద్దు... పలకొద్దు... ఒకటి. ఇంకో రెండు పిలుపులు రావాలి.

"రూతూ..."

రెండు. వదిన ఊపిరి బిగబట్టింది. మూడోది రావాలి. మూడోది వొస్తే ఆయనే. ప్రభువా, మూడోది రానీ. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి...

రాలేదు.

ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలీదు. మూడో పిలుపు రాలేదు. అంటే అది మనిషి కాదు. కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగిపోయాయంట. "పరిగెట్టెయ్యాలనుకున్నానే నూకరత్నం, దాచడం దేనికి?" అంది నాతో.

కానీ సేతిలో డబ్బా ఉంది. సల్లగా తగిలింది. ఆ మనిషి ఎక్కడో పడుంటే? సోయి పోతూ పోతూ రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవడానికి ఓపిక లేక ఆగిపోతే? తను దెయ్యమని పారిపోతే, తెల్లారి శవాన్ని ఎత్తుకుంటే? ఆ తర్వాత బతికి ఏటి సేసుకుంటాది?

"దెయ్యమైతే దెయ్యమే కానీ," అనుకుంది వదిన. గట్టిగా, ఏడుస్తూ పలికేసింది.

"ఆఁ... వస్తన్నాను! వస్తన్నాను!"

పిలుపు వొచ్చిన వైపే పరిగెట్టింది. బావి గట్టు పట్టుకుని లోపలికి వెలుగేసింది, నీళ్ళు తప్ప ఏం లేదు. పక్క గోతిలోకి వెలుగేస్తే... తెల్ల బనీను. మేష్టారు గోడకి జారబడి కూర్చున్నారు, కళ్ళు తేలేసి, ఒళ్ళంతా చెమటలు. లోతు లేని గొయ్యే గాబట్టి దెబ్బల్లేవు. వదిన జారి దిగింది. పెదాలు విడదీసి హల్వా చిన్న చిన్న తుంపులు పెట్టింది. "నమలండి... మింగండి... నా బాబు కదూ..." అని బుగ్గలు తడతా పెట్టింది. కాసేపటికి ఆయన చూపు నిలిచింది. "ఏటే, పెరట్లో ఇన్ని రాళ్ళేటి?" అన్నారంట. వదిన నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలీదు.

తెల్లారి వ్యానులో ఒకటే నవ్వులు. "పక్కనే ఉన్నారు, పిలిస్తే పలకరేటండీ?" అని వదిన నిలదీసింది.

మేష్టారు సిగ్గుపడిపోయేరు. "ఎవరో ఏవండీ అని పిలవడం వినపడిందే. రెండుసార్లు. నీ గొంతులాగే ఉంది... నువ్వు మూడోసారి పిలవలేదు కదా," అన్నారు.

ఓలమ్మో, వ్యానంతా గొల్లుమంది. లెక్కల మేష్టారు, సర్చి పెద్ద, గోతిలో కూర్చుని పిలుపులు లెక్కెడతన్నారు! రెజీనాకి నవ్వి నవ్వి కళ్ళంట నీళ్ళొచ్చేయంట. వదిన కూడా నవ్వుతూనే, "మరి మీరు మాత్రం? మీరూ రెండుసార్లే పిలిచి ఊరుకున్నారు," అంది.

మేష్టారి నవ్వు ఆగిపోయింది. "నేనా? నాకు నాలుక మొద్దుబారిపోయిందే. నేను పిలవలేదు," అన్నారు.



తిరిగొచ్చేక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టేరు, మొన్న శుక్రవారం సాయంత్రం. పాస్టరుగారు "ఆ రాత్రి మన సహోదరిని పిలిచింది దేవుడే" అని సెప్తే అందరూ ఆమెన్ అన్నారు. వదినా అంది. నాకూ మనసు కుదుటపడింది. దేవుడు కాక ఇంకెవరు సూపిస్తారు మనిషిని?

ప్రార్థనయ్యేక పులిహోర కలపడానికి నేను వంటింట్లోనే ఉన్నాను. వదిన లోపలికొచ్చి నా పక్కన చతికిలబడింది.

"గొంతు ఎవరిదిలాగుందొదినా?" అని మెల్లగా అడిగేను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాటా అడగలేదు.

"ఆయనదే. అచ్చం ఆయనదే. అందుకే కదే ఎల్లేను..." అంది. "కానీ నూకరత్నం, పెళ్ళయిన కాణ్ణుంచీ ఆయన నన్ను పేరెట్టి పిలిచింది లేదే. ఇదిగో, ఒసే... అంతే."

పైకి మాత్రం, "నీ మొహంలే! దూరదేశం, నడిరాత్రి, భయానికి ఏటేటో వినపడతాయి," అని కసిరేను.

"నా భయం అది కాదే. మూడోసారి పిలవకముందే పలికేసేను. వస్తన్నాను అని మాటిచ్చేసేను," అంది.

ఇంతలో మేష్టారు వంటింటి గుమ్మంలోకొచ్చేరు. నోటి నిండా పులిహోర. ఇంకొంచెం పెట్టమన్నట్టు కంచం ముందుకి సాపేరు. నేను గరిటె అందుకున్నాను.

అప్పుడు వినపడింది... పెరటి తలుపు అవతల నుంచి. మేష్టారి గొంతే.

"రూతూ..."

మేష్టారు నా ఎదురుగుండానే ఉన్నారు. నోట్లో ముద్ద అలాగే ఉంది. నమలడం ఆపేసి పెరటి తలుపు వైపు సూస్తన్నారు.

వదిన మాత్రం మెల్లగా లేచి నిలబడింది. పెరటి వైపు తిరిగి నోరు తెరిసింది.

నేను గరిటె పారేసి, పులిహోర అంటిన సేత్తోనే ఆవిడ నోరు గట్టిగా నొక్కేసేను. నా అరిచేతి కింద ఆవిడ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.