అసంపూర్తిగా ఉన్న పరీక్ష: ఒకటి

ఆ ఆస్పత్రిలో అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. చెవి డాక్టరు వారానికి మూడు రోజులే వచ్చేవాడు. వచ్చిన రోగులకి వినికిడి ఎంతుందో కొలిచి, గ్రాఫు తీసి, ఆయన వచ్చేసరికి సిద్ధంగా ఉంచడం ఈమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. వినపడని వాళ్ళతో గట్టిగా మాట్లాడీ మాట్లాడీ ఆమెకి మెల్లగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. "మా ఆవిడ నా చెవిలో రహస్యం చెబితే పక్కింటివాళ్ళు జవాబు చెబుతారు" అని వాళ్ళాయన వేళాకోళం చేసేవాడు.

పరీక్ష గది అంటే గదిలో గది. ఒక మనిషి కూర్చునేంత గూడు. గోడల నిండా మందపాటి నల్లటి నురుగు, అరచేతి వెడల్పు గాజు కిటికీ, బరువైన తలుపు. తలుపు వేస్తే బయట పిడుగు పడ్డా లోపలికి వినపడదు. లోపల గొంతు చించుకున్నా బయటికి అంతే. రోగి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేతిలో మీట పట్టుకుని కూర్చుంటాడు. బయట ఉన్న పరీక్ష పెట్టె పంపే కూత వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. నొక్కితే బయట చెవులమ్మ ముందున్న ల్యాప్‌టాప్ కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. కూత తగ్గించుకుంటూ పోతే, దీపం వెలగడం మానేసిన చోట ఆ మనిషి వినికిడి ఆగిపోయినట్టు.

చెవులతో ఆమెకి ఎప్పుడూ పేచీ లేదు. కంప్యూటర్‌తోనే. మూడు నెలలుగా పొద్దున్నే దాన్ని వెలిగించగానే తెర మధ్యలో ఒక గడి వచ్చి కూర్చుంటోంది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందట. పూర్తిగా ఉచితమట. మీ ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉంటాయట. ఊరికే ఇచ్చేవాడు ఇంతలా బతిమాలతాడా అనుకుని ఆమె రోజూ 'తర్వాత' నొక్కేసేది. ఆ రోజు మాత్రం గడి ఎర్రగా వచ్చింది. ఈ నెలాఖరు నుంచి పాతదానికి రక్షణ ఉండదని రాసుంది.

కంప్యూటర్లు బాగుచేసే మరిదికి ఫోన్ చేసింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కర్లు తొడుక్కునేవాడు. ఇప్పుడు సొంత షాపు.

"ఎక్కించెయ్ వదినా, భయమేం లేదు. నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదు."

"ఆ మిగిలిన ఒక్కడు ఏమయ్యాడు?"

అతను నవ్వాడు. "వాడు నా షాపుకి వస్తాడు. ఎక్కించుకోవడం ఎవరైనా చేస్తారు వదినా, రెండు మీటలు నొక్కడమే. ఎక్కాక ఏదైనా తేడా వస్తేనే తెలియనివాళ్ళకి కష్టం. నేనున్నాగా."

మధ్యాహ్నం రోగులెవరూ లేరు. చెవులమ్మ దేవుడి మీద భారం వేసి 'అవును' నొక్కింది.

తెర నల్లబడింది. అందులో ఆమె ముఖమే కనపడింది. ఒక తెల్లటి చుక్కల చక్రం తిరుగుతూ, కింద శాతాలు పెరుగుతూ పోయాయి. బయట మబ్బు కమ్ముకుంది. ఎనభై ఆరు దగ్గర అంకె ఆగిపోయి గంటన్నర కదల్లేదు. చెవులమ్మ కుర్చీలోనే కునికింది. కళ్ళు తెరిచేసరికి తెర మీద అంతా కొత్తగా, శుభ్రంగా, కడిగిన పలకలా ఉంది. 'హమ్మయ్య' అనుకుంది.

పరీక్ష తెర దానంతట అదే తెరుచుకుంది.

"అసంపూర్తిగా ఉన్న పరీక్ష: ఒకటి. కొనసాగించాలా?"

పొద్దున్న డ్రైవరు ఒకాయన తొందరపడి మధ్యలో లేచిపోయాడు. అదే అయి ఉంటుందనుకుంది. పెట్టె పనిచేస్తోందో లేదో కూడా తెలుస్తుంది కదా అని, 'అవును' నొక్కింది.

ఖాళీ గూట్లోకి కూత వెళ్ళింది.

దీపం వెలిగింది.

చెవులమ్మ గాజులోంచి చూసింది. కుర్చీ ఖాళీ. హెడ్‌ఫోన్లు కొక్కేనికి వేలాడుతున్నాయి. మీట కుర్చీ చేతి మీద ఉంది. ఇంకో కూత. ఇంకో వెలుగు. లోపలికి వెళ్ళి మీట వైరు పీకేసి వచ్చింది. అయినా వెలిగింది. మరిదికి ఫోన్ చేసింది.

"కొత్తదానికీ మన పాత పెట్టెకీ పొత్తు కుదిరినట్టు లేదు వదినా. అదే గాలికి వెలుగుతూ ఉంటుంది. సాయంత్రం వస్తాను, వదిలెయ్."

గాలికి వెలిగితే ఎప్పుడు పడితే అప్పుడు వెలగాలి. ఇది కూత తర్వాతే వెలుగుతోంది. కూత సన్నబడితే ఒక్క క్షణం ఆలస్యంగా... వినపడిందో లేదో అని సందేహించి నొక్కినట్టు. ఆ సందేహం ఆమెకి ఇరవై రెండేళ్ళ పరిచయం. యంత్రాలకి సందేహం ఉండదు.

తెర మీద గ్రాఫు గీసుకుంటూ పోతోంది. కుడి చెవి గీత మెట్లు దిగినట్టు దిగింది. ఎడమ చెవికి గీతే లేదు, పరీక్ష అక్కడిదాకా రాలేదు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఒకరి గ్రాఫు ఇంకొకరికి రాదు, దస్తూరీ లాంటిది. పైన మూల తేదీ చూసింది. ఆరేళ్ళ కిందటిది.

తను చెరిపేసిన పరీక్ష అది.

ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే మామ్మ. ఒంటరిగా వచ్చింది. దగ్గరికి వస్తే ఇస్త్రీ బట్ట కమురు వాసన వేసేది. "నేను తలుపు తీసేదాకా లేవకు మామ్మా, వినపడితే నొక్కు, అంతే" అని కూర్చోబెట్టింది చెవులమ్మ. పరీక్ష మధ్యలో ఫోన్ వచ్చింది. కూతురు బడి మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందట. ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. అలవాటు చొప్పున పెట్టె ఆపేసింది. దీపాలు ఆర్పేసింది. తాళం వేసేసింది. మూడు గంటల తర్వాత, కూతురి చేతికి కట్టు కడుతుంటే గుర్తొచ్చింది.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి ఆ చిమ్మచీకట్లో మామ్మ కదలకుండా కూర్చునే ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు. మీట మీద బొటనవేలు.

"అమ్మా, చాలాసేపట్నుంచి ఏమీ వినపడటం లేదు. నా చెవులు పూర్తిగా పోయాయా?"

జరిగింది చెప్పడానికి చెవులమ్మకి నోరు రాలేదు. "బాగానే ఉన్నాయి మామ్మా, ఇంటికెళ్ళు" అంది. డాక్టరుకి తెలియకుండా ఆ పరీక్షని కంప్యూటర్లోంచి చెరిపేసింది. దాంతో మామ్మకి చెవి మిషను రాలేదు. పది రోజుల తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గర వెనక్కి వస్తున్న లారీ చప్పుడు మామ్మకి వినపడలేదు.

ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉంటాయని చెప్పారు. చెరిపేసినవి కూడా తెస్తామని ఎవరూ చెప్పలేదు.

కూత కిందికి దిగుతోంది. మనిషి చెవికి అందే హద్దు దాటింది. అయినా దీపం వెలుగుతోంది. చెవులమ్మ కూత ఆపేసింది. నిశ్శబ్దం. గూటి తలుపు సందులోంచి సన్నగా... ఇస్త్రీ పెట్టె అంటిన బట్ట వాసన.

గాజు వైపు చూడకుండా, లోపలివాళ్ళతో మాట్లాడే మైకు దగ్గరికి వంగింది. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు గుసగుసలోకి దిగింది.

"మామ్మా..."

దీపం వెలిగింది.

"తప్పయిపోయింది మామ్మా."

వెలగలేదు. చాలాసేపు వెలగలేదు.

"పరీక్ష అయిపోయింది. ఇంక లేవమ్మా... వెళ్ళు."

లోపల కుర్చీ కిర్రుమంది. మనిషి లేచినప్పుడు కుర్చీ దిండు మెల్లగా ఊపిరి పీల్చుకునే చప్పుడు, లోపలి మాటలు వినిపించే స్పీకర్లోంచి వచ్చింది. తలుపు కదల్లేదు. ఏదీ కదల్లేదు. వాసన ఒక్కసారి గుప్పుమని ఆమె ముఖాన్ని తాకి, పోయింది.

చెవులమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎవరికో బాకీ తీర్చినట్టు గుండె తేలికైంది.

అప్పుడు మళ్ళీ దీపం వెలిగింది.

కూత లేదు. అయినా వెలిగింది... ఆరింది. వెలిగింది... ఆరింది. ఒకే తాళంలో. దేనికి నొక్కుతోంది? గదిలో ఏ చప్పుడూ లేదు. కొంచెం త్వరగా. ఇంకొంచెం త్వరగా. ఆమె చెయ్యి దానంతట అదే గొంతు పక్కకి వెళ్ళింది. వేళ్ళ కింద నరం కొట్టుకుంటోంది.

వెలిగింది. కొట్టుకుంది. వెలిగింది. కొట్టుకుంది.

చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి పరిగెత్తింది.

సాయంత్రం మరిది ఒక్కడే లోపలికి వెళ్ళి కంప్యూటర్ వైర్లు విప్పి, ఆపకుండా మూత మాత్రం మూసి, చంకలో పెట్టుకుని వచ్చాడు. "షాపులో పాతదే మళ్ళీ ఎక్కించేస్తాను. రేపటికల్లా ఇచ్చేస్తా. నీ పరీక్ష పెట్టె ఇక్కడే ఉంచేశాను. ఏంటి వదినా, ముఖం అలా పాలిపోయింది?" తలనొప్పి అంది ఆమె. అసలు సంగతి చెబితే ఆరేళ్ళ కిందటిదంతా చెప్పాలి.

మర్నాడు పదకొండు గంటలకి, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, వంటింట్లో ఉన్నప్పుడు ఫోన్ వచ్చింది.

"వదినా, చిన్న విచిత్రం. మూత తెరవగానే నీ చెవి పరీక్ష తెరే వచ్చింది. దీనికి పెట్టె లేదు, మీట లేదు, వైర్లేమీ లేవు. అయినా ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఇందాకటిదాకా నింపాదిగా ఉంది. నీకు ఫోన్ కలిపిన దగ్గర్నుంచీ తొందరపడుతోంది."

చెవులమ్మ గోడకి ఆనుకుంది. "ఇప్పుడు?"

"ఇంకా తొందరగా."

ఆమె కళ్ళు మూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చి, ఆపి, మెల్లగా వదిలింది. ఇంకోసారి. ఇంకోసారి.

"ఇప్పుడు?"

"తగ్గింది." అతని గొంతు మారింది. "నీకెలా తెలుసు వదినా?"

ఆమె మళ్ళీ గొంతు పక్కన వేలు పెట్టి చూసుకుంది.

"నాకెందుకో ఇది నచ్చడం లేదు. ఆపేస్తున్నాను."

"వద్దు!" ఆమె కేక ఇల్లంతా మోగింది. "అబ్బాయ్, నీకు దణ్ణం పెడతాను. ఆపకు. దాన్ని ముట్టుకోకు!"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నేను ముట్టుకోలేదు వదినా. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కానీ అదే... ఏదో దించుకుంటోంది. కొత్తది ఎక్కించాక మిగతావి కూడా వస్తాయి. అవి ఎక్కగానే దానంతట అదే ఒకసారి ఆరిపోయి, మళ్ళీ వెలుగుతుంది."

"ఆపలేవా?"

"ఆపే మీట కనపడటం లేదు."

"ఎంతదాకా వచ్చింది?"

"తొంభై నాలుగు శాతం."

చెవులమ్మ నేల మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. ఫోన్‌ని భుజంతో కుడి చెవికి అదుముకుంది. మరిది అంకెలు చదువుతున్నాడు. తొంభై ఆరు. తొంభై ఏడు. "వదినా, ఉన్నావా?" ఉన్నానని ఆమె తలూపింది, అతను చూడలేడని కూడా తోచక.

తొంభై ఎనిమిది.

అప్పుడు వినపడింది ఆమెకి. సన్నగా, దారంలా, ఇరవై రెండేళ్ళుగా తను ఇతరులకి వినిపించిన కూత.

ఎడమ చెవిలో.