గంట గాలి

ఆ ఉదయం కూడా ఆకు కదలలేదు. ఆకాశమంతా మబ్బు. గాలిమరలూ సోలార్ పలకలూ చతికిలపడే రోజుల్ని కొలవడం పెద్దమ్మాయి ఉద్యోగం. అందుకే చేతిలో కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, ఫోన్లో తోటి ఉద్యోగిమీద విరుచుకుపడుతోంది.

"మధ్యలో గంటసేపు వీచిందని గాలి కరువు తీరిపోయినట్టేనా? ముందూ వెనకా రోజులు కలిపి ఒకటిగా చూడండి. ముక్కలు చేస్తే ఏ ముక్కా పెద్దగా కనబడదు. తీరా కరెంటు పోయాక ఎవర్నని ఏం లాభం?"

ఫోన్ పెట్టేసరికి చెల్లి వంటింటి గుమ్మంలో ఉంది. అమ్మని చూద్దామని ముందురోజే వచ్చింది. చేతిలో అమ్మ ముట్టని పళ్ళెం.

"అక్కా, అమ్మని డాక్టరుకి చూపిద్దాం. నాన్న పోయినప్పటినుంచీ మనిషి మనిషిలా లేదు."

"నీకన్నీ భూతద్దంలోనే కనబడతాయి. మొన్న మీ బావ జోకేస్తే పకపకా నవ్వింది. అంతకుముందు ఆదివారం తనంతట తనే జడేసుకుంది. బాగానే ఉందే తల్లీ!"

"మరి ఆ మధ్య రోజుల సంగతో?"

"ఏ మధ్య?"

"జడకీ నవ్వుకీ మధ్య. గంట గాలికి కరువు తీరదని ఇప్పుడే ఎవరినో దులిపేశావు కదా! అమ్మ ఒక్క నవ్వు నవ్వితే మాత్రం నీకంతా తీరిపోతుందా?"

ఊరందరి గాలీ కొలిచే మహాతల్లికి ఇంట్లో ఉక్కపోత తెలియలేదు మరి. పెద్దమ్మాయి పళ్ళెం అందుకుని అమ్మ గదిలోకి నడిచింది.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఆఫీసుకి టైమవలేదుటే?"

"వెళ్ళాలమ్మా. గాలి లేదు, కొలవాలి."

"కొలిస్తే వస్తుందా?"

"రాదు."

"మరెందుకూ?"

"రాని రోజులు ఎంతకాలం ఉంటాయో తెలిస్తే ఇంకోచోటి నుంచి కరెంటు తెచ్చుకుంటాం. గాలిని మాత్రం ఎవరం ఏం చెయ్యలేం."

గోడవైపే చూస్తూ అమ్మ మెల్లగా అంది. "నాకూ నవ్వు రావట్లేదే. మీరు బెంగపడతారని నవ్వుతాను. నవ్వాక ఇంకా నీరసం."

పెద్దమ్మాయికి దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ నవ్వులు చూసుకునే తను నిశ్చింతగా నిద్రపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుంది.

"డాక్టరు దగ్గరికి వెళ్దామా అమ్మా?"

"తగ్గుతుందంటావా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "తెలీదమ్మా."

అమ్మ ఇటు తిరిగింది. కూతురి కన్నీళ్ళు చూసి కూడా ఈసారి నవ్వడానికి ప్రయత్నించలేదు.

"సరే, వస్తాను. దారిలో మాత్రం నన్ను నవ్వించకండి."